బొడ్డుతాడు బీమా

ఎదుటివాడికి చావు గుర్తు చేయాలి గానీ ఆ మాట మన నోట రాకూడదు. బీమా ఏజెంటుగా నేను నేర్చిన విద్య మొత్తం ఇంతే. "రేపు మీరు పోతే" అన్నామంటే కుర్చీ లాగేస్తారు. "భగవంతుడి దయవల్ల మీకేం కాదు సార్, కాకపోతే పిల్లల చదువులూ..." అని అక్కడ ఆపి, గోడమీద వాళ్ల పెళ్లి ఫొటో వంక ఒక్కసారి చూసి, చిన్నగా నిట్టూర్చి, కాఫీ తాగాలి. మిగతా వాక్యం వాళ్లే పూర్తి చేసుకుంటారు. ఆ ఒక్క నిట్టూర్పుతో తెనాలిలో బట్టలకొట్ల వాళ్లనీ, కాలేజీ లెక్చరర్లనీ, రైసుమిల్లు గుమస్తాలనీ దడిపించాను. దడిసినవాళ్లు ప్రీమియం కట్టి, పైగా నన్నే దీవించారు. ఏజెన్సీ వదిలేశాక నన్ను భయపెట్టి అమ్మగలిగే మనిషి ఈ భూమ్మీద పుట్టలేదనుకుంటూ వాలుకుర్చీలో కాళ్లూపుకుంటున్నాను.

పుట్టిందట. పాతికేళ్ల కిందట, మంగళగిరిలో.

మా అమ్మాయిని బెంగళూరు నుంచి పురిటికి తెచ్చుకున్నాం. గుంటూరు కొత్తపేటలో డాక్టరమ్మ గారికి చూపించడానికి వెళితే, స్కానింగు గది బయట ఒక బల్ల, బల్లమీద బోసినవ్వుల పాపాయి బొమ్మ ఉన్న కాగితాలు, దాని వెనకాల ఈ పిల్ల. కడుపుతో ఉన్న మా అమ్మాయిని వదిలేసి నా వంక చూసి, "కంగ్రాట్స్ తాతయ్య గారూ!" అంది.

ఆ క్షణాన నేను లేచి నడవాలి. డబ్బు తీసేది ఎవరో చూపు విసిరి కనిపెట్టడం, అతనికి లేని హోదా ఒకటి ముందే కట్టబెట్టడం. ఈ రెండూ నేను జూనియర్లకి నూరిపోసిన పాఠాలు. తెలిసి కూడా నా మొహం వెడల్పుగా విచ్చుకుంది. ఫోన్ నంబరు అడిగింది. ఇచ్చాను. ఇంటి అడ్రసు అడగలేదు. నేనే ఇచ్చాను.

ఆదివారం పదకొండింటికి వచ్చింది. ఆదివారం పదకొండు అనేది మామూలు మనుషులు ఎంచుకునే వేళ కాదు. టిఫిన్లు అయిపోయి, పప్పు పొయ్యిమీద ఉడుకుతూ, మగవాళ్లు పేపరు రెండోసారి చదువుతూ ఉండే వేళ అది. నా వృత్తి జీవితం మొత్తం ఆ వేళకే తలుపులు తట్టాను. పిల్ల చెప్పులు వాకిట్లో వరసగా విడిచింది. మంచినీళ్లు అడిగి తాగింది. నీళ్లిచ్చిన చేత్తో ఎవరూ గెంటలేరు. కుర్చీ చూపిస్తే అందులో కూర్చోకుండా దివాన్ మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా ఆవిడ పక్కన చేరి, తనూ నాలుగు కాయలు అందుకుంది. ఆ తరవాత ఫైలు తెరిచి, అక్షరాలు తనకి తలకిందులుగా, మాకు సూటిగా కనిపించేలా తిప్పింది. ఆ తిప్పడం చూశాక నాకు నిజంగానే కళ్లు చెమర్చాయి. ఈ కాలంలో ఫైలు తిప్పడం తెలిసినవాళ్లు ఎక్కడున్నారండీ!

"ఆంటీ, బేబీ పుట్టగానే బొడ్డు కోస్తారు కదా. ఆ తాడులో, మాయలో కాస్త రక్తం మిగిలిపోతుంది. ఎనభై, వంద మిల్లీలీటర్లు. ఇన్నాళ్లూ దాన్ని చెత్తలో..."

ఆగింది. ‘చెత్తలో’ దగ్గర సరిగ్గా ఆగి, మా అమ్మాయి పొట్ట వంక ఒక్కసారి చూసి, నిట్టూర్చింది. మా ఆవిడ చేతిలో చిక్కుడుకాయ కూడా ఆగింది.

మిగతాది గడగడా చెప్పేసింది. ఆ రక్తంలో మూలకణాలుంటాయి. ఎముకల మూలుగలో కూర్చుని మనకి రోజూ రక్తం తయారు చేసిపెట్టే కణాలు ఇవే. రక్తపు జబ్బులతో మూలుగ పాడైపోయినవాళ్లకి వీటిని ఎక్కిస్తే కొత్త రక్తం పుడుతుంది. 1988లో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో ఎలియాన్ గ్లక్‌మన్ అనే డాక్టరమ్మ ప్రపంచంలో మొదటిసారి ఈ పని చేసింది. అమెరికా నుంచి వచ్చిన అయిదేళ్ల పిల్లాడు, ఫాంకోనీ ఎనీమియా అని మూలుగని తినేసే జబ్బు. వాడికి చెల్లెలు పుడితే, ఆ చెల్లెలి బొడ్డుతాడు రక్తాన్ని అతిచల్లగా ఘనీభవింపజేసి సముద్రం దాటించి తెచ్చి ఎక్కించారు. వాడు బతికాడు, పెరిగి పెద్దవాడయ్యాడు.

ఇది కట్టుకథ కాదు. కాబట్టే ప్రమాదం. అబద్ధం చెప్పే ఏజెంటుని ఎవరైనా పట్టుకోగలరు. నిజం చెప్పేవాడితోనే చిక్కు.

తరవాత సంచిలోంచి పెట్టె తీసింది. చెప్పుల డబ్బాకి రెండింతలుంటుంది. లోపల తెల్లటి నురగ అట్ట, దాని గుంటల్లో పొందిగ్గా అమర్చిన సరంజామా: రక్తం గడ్డకట్టకుండా ముందే మందు పోసిన మెత్తటి సంచి, దానికి పొడుగాటి గొట్టం, గొట్టం చివర టోపీ పెట్టుకున్న సూది, తల్లి రక్తానికి ఊదా మూతల సీసాలు, చల్లదనం నిలిపే జెల్ పొట్లాలు, దారిలో ఎంత వేడి తగిలిందో రాసుకునే బొటనవేలంత యంత్రం. ప్రతి దానిమీదా ఒకే బార్‌కోడు అంటించి ఉంది. పుట్టని మా మనవరాలికి (అప్పటికి మనవరాలో మనవడో తెలీదు, నాకు మాత్రం తెలుసు) ఆధార్ కంటే ముందు బార్‌కోడు వచ్చేసింది. కాన్పు కాగానే ఈ పెట్టె చెన్నై వెళుతుందిట. అక్కడ కణాలు వేరుచేసి, ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర పెడతారుట.

"ఎన్నేళ్లమ్మా?"

"డెబ్బై అయిదేళ్లు అంకుల్."

ఇరవై ఏళ్ల పాలసీలు అమ్మడానికే నా చెప్పులు అరిగిపోయాయి. ఈ పిల్ల డెబ్బై అయిదేళ్లది చిక్కుడుకాయలు ఒలుస్తూ అమ్ముతోంది.

ఇక ఇక్కణ్ణుంచి చెప్పేది మా ఆవిడకి ఇప్పటికీ పూర్తిగా తెలీదు. ఈ వ్యాసం అచ్చయితే తెలుస్తుంది.

ఆ పిల్ల "ఎనభైకి పైగా జబ్బులకి పనికొస్తుంది" అంటూ జాబితా మొత్తం చదివింది. నాలుగో జబ్బు దగ్గర మా ఆవిడ మొహంలో భయం కాస్తా విసుగైపోయింది. నాకు ప్రాణం ఉసూరుమంది. మంచి సంగీత కచేరీలో శ్రుతి తప్పితే ఊరుకోగలమా? గేటు దాకా సాగనంపే మిషతో వెళ్లి చెప్పాను: "అమ్మా, ఎనభై చెప్పకు. ఒక్కటి చెప్పు. అది కూడా నోరు తిరిగే పేరయ్యుండాలి. ధర మొత్తం ఒక్కసారి చెప్పకు, రోజుకి ఎంత పడుతుందో చెప్పు. ఇంకో మాట, నిర్ణయం మా అమ్మాయిది, డబ్బు మాది, కానీ బెంగ మా ఆవిడది. ఆవిడతో మాట్లాడు." పిల్ల బుద్ధిగా చిన్న పుస్తకం తీసి రాసుకుంది. గురుదక్షిణగా ఓ పెన్ను ఇచ్చింది, పాపాయి బొమ్మ ఉన్నది.

మళ్లీ వచ్చినప్పుడు నేను చెప్పినవన్నీ పూసగుచ్చినట్టు మా ఇంట్లోనే ప్రయోగించింది. "ఆంటీ, ఒక్క తలసీమియా సంగతి చూడండి చాలు..." అని ఆపింది. "రోజుకి రెండు కాఫీల ఖర్చు ఆంటీ..." అని ఆపింది. కాబోయే అమ్మమ్మ కన్నీరు పెట్టుకుంది. నేను గుమ్మం దగ్గర నిలబడి మనసులోనే మార్కులు వేస్తున్నాను.

పిల్ల వెళ్లాక మా ఆవిడ కళ్లు తుడుచుకుని అడిగింది. "ఏవండీ, ఈ పిల్ల అచ్చం మీలాగే మాట్లాడుతోందేమిటండీ?"

"వృత్తి అలాంటిదే," అన్నాను, పెన్ను జేబులోకి తోసుకుంటూ.

సీమంతానికి వియ్యంకుడు గారు బాపట్ల నుంచి వచ్చారు. బ్యాంకు మేనేజరుగా రిటైరయిన మనిషి. బొడ్డుతాడు రక్తం దాచే చోటుని బ్యాంకు అంటారని చెవిన పడగానే కళ్లజోడు మార్చుకున్నారు. కాగితాలు ఇటూ అటూ తిప్పి, "బావగారూ, డిపాజిట్టు మనది, వడ్డీ ఇవ్వరు, పైగా ఏటా మనమే ఫీజు కట్టాలి. దీన్ని బ్యాంకు అనరు, లాకరు అంటారు," అన్నారు. తరవాత, సీమంతానికి ఫైలుతో సహా వచ్చిన పిల్లని నామినీ ఎవరని అడిగారు. ఫీజు కట్టడం ఆగిపోతే ఖాతా ఎవరిదవుతుందని అడిగారు. కంపెనీ మూతపడితే తాళం ఎవరి దగ్గర ఉంటుందని అడిగారు. ఆఖరి ప్రశ్నకి పిల్ల మంచినీళ్లు అడిగింది. నేను పరిగెత్తుకెళ్లి తెచ్చాను. ఆయన నా వంక అదోలా చూశారు.

అల్లుడు గారు వీడియో కాల్‌లో ఉన్నారు. సాఫ్ట్‌వేరు. "మామయ్య గారూ, మా టీములో అందరూ చేయించారండీ. వాయిదాల్లో కట్టొచ్చు. రేపు పిల్లకేమైనా అయితే మనమే కదా చేయించలేదని..." అని ఆపారు. ఆపడం ఎవరు నేర్పారో గానీ ఈ దేశంలో అందరికీ వచ్చేసినట్టుంది.

మా ఆవిడ బీరువా తెరిచింది. పట్టుచీరల అడుగు నుంచి కుంకుమ భరిణె, అందులోంచి దూది, దూదిలోంచి చిటికెన వేలి కణుపంత వెండి తాయెత్తు. నల్లబడిపోయింది. రెండు కొసలా మూతలు, మొలతాడుకి ఎక్కించడానికి పైన రెండు రింగులు, ఒక మూత అంచున కంసాలి పెట్టిన లక్క పగిలి ఎర్రటి పొట్టు రాలుతోంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల ఏదో గింజలా కదులుతుంది. మా అమ్మాయి బొడ్డు ఊడినప్పుడు మా అత్తగారు ఎండబెట్టి, అందులో పెట్టించి, మొలకి కట్టింది. పిల్లలకి నీరసమొస్తే, జబ్బుచేస్తే అదే అరగదీసి పాలలో రంగరించి పోసేవారని ఆవిడ చెప్పేది. పోయలేదు లెండి. "మా అమ్మ దీనికి ఏటా ఫీజు కట్టిందా?" అంది మా ఆవిడ. మా అమ్మాయి దాన్ని అరచేతిలో పెట్టుకుని, "ఛీ, ఇది నేనా!" అని మురిసిపోయింది.

తాయెత్తు పనిచేయదు, రక్తం పనిచేస్తుంది, రెంటికీ పోలికేమిటని నేను పిల్ల పక్షాన వాదించబోయాను. వాదించాలంటే పాలసీ చదవాలి. ఇక్కడే నా జీవితంలో జరగకూడని పని జరిగింది. నా అంతట నేను, కళ్లజోడు పెట్టుకుని, చిన్నక్షరాలు చదవడం మొదలుపెట్టాను. అమ్మే రోజుల్లో ఎన్నడూ చదవలేదు. చదివితే అమ్మబుద్ధి కాదని మా సీనియరు చెప్పేవాడు.

ఏ పాలసీకైనా ఆయువుపట్టు క్లెయిము. ఇల్లు కాలితే డబ్బు రావాలి, మనిషి పోతే డబ్బు రావాలి. ఈ పాలసీలో క్లెయిము ఎప్పుడు వస్తుంది? పిల్ల చెప్పిన ఒక్క జబ్బే తీసుకున్నాను, తలసీమియా. అది జన్యువుల్లోనే ఉండే లోపం. పాపకి తలసీమియా ఉంటే, పాప బొడ్డుతాడు రక్తంలోని మూలకణాలకీ అదే లోపం ఉంటుంది. దాచిన రక్తమే మళ్లీ ఎక్కిస్తే మళ్లీ అదే రక్తం పుడుతుంది. పోనీ రక్తక్యాన్సరు? చిన్నపిల్లల్లో వచ్చే లుకేమియాల్లో చాలావాటికి బీజం పుట్టేనాటికే రక్తంలో పడి ఉండొచ్చు. అందుకని డాక్టర్లు సొంత రక్తం వాడడానికి ఇష్టపడరు. జాబితాలో ఎనభై జబ్బులున్న మాట నిజమే. వాటిలో చాలావాటికి కావలసింది ఇంకొకరి కణాలు. పారిస్‌లో బతికిన పిల్లాడికి కూడా ఎక్కించింది వాడి రక్తం కాదు, చెల్లెలిది. ఆ కథ నేను చెవులారా విన్నాను, మార్కులు వేసే హడావిడిలో ఆ ముక్క పట్టుకోలేదు.

సొంత రక్తం సొంతానికే అక్కరకొచ్చే సందర్భాలు లేకపోలేదు. అయితే ఆ అవకాశం వేలల్లో ఒకరికని కొందరు, రెండు లక్షల్లో ఒకరికని ఇంకొందరు లెక్కగట్టారు. పైగా దొరికేది సాధారణంగా వంద మిల్లీలీటర్లలోపు. ఎక్కించుకునే మనిషి బరువుని బట్టి కణాలు కావాలి, కాబట్టి చిన్నపిల్లలకి సరిపోయేది పెద్దవాళ్లకి తరచు చాలదు. మా వంశంలో పాతికేళ్లు వచ్చేసరికి ఎవరూ ఎనభై కిలోలకి తగ్గరు. డెబ్బై అయిదేళ్ల పాలసీలో మా పిల్లకి పనికొచ్చేది నికరంగా పాలకోవా తినడం నేర్చేదాకానే.

ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్లు 2018లో ఈ విషయం మీద ఒక ప్రకటన ఇచ్చారు. ఇంట్లో ఇప్పటికే అలాంటి జబ్బున్న బిడ్డో, కన్నవాళ్లో ఉంటే తప్పకుండా దాచమన్నారు. ఒక కడుపున పుట్టినవాళ్లలో కణజాలం పూర్తిగా కుదిరే అవకాశం నాలుగింట ఒకటి, అది చిన్న విషయం కాదు. హైదరాబాదులో తలసీమియా, సికిల్‌సెల్ సొసైటీ దగ్గర నెలనెలా రక్తం ఎక్కించుకోవడానికి వరసలో కూర్చునే పిల్లలున్న ఇళ్లకి, తరవాత పుట్టే తమ్ముడి బొడ్డుతాడు నిజంగానే నిధి. అలాంటి అవసరం లేని ఇళ్లకి మాత్రం దీన్ని ‘జీవ బీమా’ అనడం కుదరదని తేల్చేశారు. ఐసీఎంఆర్ కూడా అవసరం లేకుండా ప్రైవేటుగా దాచుకోవడాన్ని సిఫారసు చేయడం లేదు. అమెరికా పిల్లల డాక్టర్లూ, ప్రసూతి డాక్టర్లూ చెప్పేదీ అదే. బీమా కాదట! నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. పిల్ల నా దగ్గర విద్య నేర్చుకుని, నా వృత్తి పేరు కూడా పట్టుకుపోయింది.

పొద్దున్నే కాలేజీ గ్రౌండులో వాకింగుకి వెళ్లేసరికి నాలో దాత మేల్కొన్నాడు. దాచుకోవడం స్వార్థం, దానం చేస్తే సరి! మన పాప రక్తంతో ఎక్కడో ఎవరి బిడ్డో బతుకుతుంది. ఖర్చు కూడా ఉండదు. (ఈ రెండో సంగతి నాకు ముందు తట్టింది, మొదటిది తరవాత.) వాకింగు మిత్రులందరికీ ప్రకటించేశాను. ఒకాయన చప్పట్లు కొట్టాడు. ఒకాయన తన మనవడి పుట్టినరోజుకి నన్ను ముఖ్య అతిథిగా పిలిచాడు. ఇంకా పుట్టని బిడ్డ, ఇంకా ఇవ్వని రక్తం, నేనేమో శాలువా కొలతలు ఇచ్చేస్తున్నాను.

దానం అంటే హుండీలో వేయడం కాదని అప్పుడు తెలిసింది. అమెరికాలో 1990ల్లోనే న్యూయార్కు బ్లడ్ సెంటర్ వాళ్లు ఇలాంటి దానాల బ్యాంకు పెట్టారు. 2005లో ఏకంగా దేశం మొత్తానికి ఒక నిల్వ ఉండాలని చట్టం చేశారు. అక్కడ కూడా ఎవరు ఎక్కడ కన్నా తీసుకోరు. ఆ ఆసుపత్రితో బ్యాంకుకి ముందే ఒప్పందం ఉండాలి, తల్లి ఆరోగ్య చరిత్ర వడపోయాలి, పరీక్షలు జరగాలి, తీసిన రక్తంలో సరిపడా కణాలు ఉండాలి. చాలకపోతే పక్కన పెట్టేస్తారు. మన దేశంలో ఇలాంటి బ్యాంకులే బహు తక్కువ. "మా దగ్గర ఆ ఏర్పాటు లేదండీ," అంది కొత్తపేట డాక్టరమ్మ గారు ఒక్క ముక్కలో. లక్షకి దగ్గర్లో డబ్బు కట్టి దాచుకుంటానంటే పెట్టె ఇంటికొచ్చింది. ఊరికే ఇస్తానంటే తీసుకునే నాథుడు లేడు. శాలువా ఆయనకి ఏం చెప్పాలో తోచక వాకింగు సాయంత్రానికి మార్చుకున్నాను.

మరి ఆ పేషెంట్ల గతి? ఇప్పుడు తల్లి నుంచో, తండ్రి నుంచో, అన్నదమ్ముల నుంచో సగమే కుదిరిన మూలకణాలతో కూడా మార్పిడి చేయడం బాగా అలవాటులోకి వచ్చింది. బొడ్డుతాడు మీద ఆధారపడటం దాంతో తగ్గింది. చుట్టాల్లో కుదరనివాళ్లకి పరాయి దాతలు కావాలి. ఈ కుదరడం వంశాన్ని బట్టి వచ్చేది కాబట్టి మనవాళ్లకి మనవాళ్లలోనే దొరికే అవకాశం ఎక్కువ. 2009 నుంచి చెన్నైలో ‘దాత్రి’ అనే రిజిస్ట్రీ ఈ పనే చేస్తోంది. బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి ఇస్తే పేరు రాసుకుంటారు, ఎవరికైనా కుదిరితే పిలుస్తారు. ఇదేదో నాకు సరిపోయినట్టే ఉందని నోరు తెరిచాను. యాభై దాటినవాళ్లని చేర్చుకోరట. వయసు ఎక్కువైందని ఎంతమంది ప్రపోజల్ ఫారాలు వెనక్కి ఇచ్చానో, అవన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

ఇంత గొడవ జరుగుతుంటే మా అమ్మాయి ఏం చేస్తోందని మీరు అడగలేదు. మేమూ అడగలేదు. తాయెత్తు, లాకరు, మైనస్ 196, శాలువా అన్నీ అయిపోయాక ఓ చెకప్ రోజున తనే డాక్టరమ్మ గారి ముందు తేల్చేసింది.

"మేడమ్, బొడ్డు వెంటనే కోయకుండా కాసేపు ఆగుతారు కదా?"

"ఆగుతామమ్మా. బిడ్డకీ నీకూ ఇబ్బంది లేకపోతే కనీసం ఒక నిమిషం, వీలైతే ఇంకా ఎక్కువ. డబ్ల్యూహెచ్ఓ చెప్పేదీ అదే."

నేను మధ్యలో దూరాను. ఆగితే ఏమొస్తుంది మేడమ్ అన్నాను. ఆవిడ నా వంక తిరిగి, "ఆ తాడు కొట్టుకుంటూనే ఉంటుందండీ. మాయలో ఉన్న రక్తం బిడ్డలోకి పోతుంది. ఆ రక్తంతో పోయే ఇనుము నెలల తరబడి పనికొస్తుంది. మన దేశంలో పిల్లల్లో రక్తహీనత ఎంతుందో చూస్తున్నాం కదా. కొందరికి కామెర్లు కాస్త ఎక్కువ కావచ్చు, అది మేం చూసుకుంటాం," అంది.

"మరి సంచిలోకి?"

"బిడ్డకి పోయాక మిగిలేది తక్కువండీ. సంచి నింపడం కోసం తొందరపడి కోయకూడదు. ఆ రక్తం అసలు ఎవరిదండీ?"

నేను ఏజెంటుని. ఎవరి డబ్బు ఎవరికి చేరాలో లెక్క తెలిసినవాణ్ణి. సొమ్ము హక్కుదారు ఖాతాలోకే నేరుగా పడిపోతుంది. ఫారం లేదు, ఫీజు లేదు, మధ్యలో మనిషి లేడు. కమీషను లేని లావాదేవీ ఏదైనా నాకు లోపల కలుక్కుమనిపిస్తుంది. బయటికి మాత్రం "శుభం" అన్నాను.

"నాన్నా, ఆయనతో కూడా మాట్లాడేశాను," అంది మా అమ్మాయి కారులో. "ఆయన ఆఫీసులో ఆ దూదిపుల్లల క్యాంపు పెడితే పేరు ఇచ్చారట. నువ్వు ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పేయ్. నువ్వే చెప్పాలి."

"నేనే ఎందుకు తల్లీ?"

"గేటు దగ్గర పాఠాలు చెప్పింది నువ్వే కదా. మేడ మీద నుంచి అన్నీ వినిపిస్తాయి."

కాదనడం నాకు రాదు. జీవితమంతా ‘కాదు’ని ‘అవును’ చేసే పనిలో ఉండి, నా వంతు వచ్చేసరికి ఆ మాట ఎలా పలకాలో తెలీలేదు. అందుకని గురువులా ప్రారంభించాను. "అమ్మా, ఏజెంటు ముందు నేర్చుకోవాల్సింది, కేసు పోయినా మనసు పాడుచేసుకోకూడదు..."

"వద్దనుకున్నారా అంకుల్?" అంది వెంటనే. గొంతులో కోపమేమీ లేదు. "పర్లేదంకుల్. మా అక్కకి పోయిన నెల కాన్పయింది, మేమూ చేయించలేదు."

"అదేమిటమ్మా! నువ్వే అమ్ముతూ..."

"మరి మీకు మీ పాలసీ ఎంతకుందంకుల్?"

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను. నాకున్నవి రెండు చిన్న పాలసీలు. టార్గెటు పూర్తికాని మార్చి నెలల్లో గత్యంతరం లేక నాకు నేనే అమ్ముకున్నవి. ఆ సంగతి మా ఆవిడకి కూడా తెలీదు. ఇదీ అచ్చయితే తెలుస్తుంది.

మనవరాలే పుట్టింది. డాక్టరమ్మ గారు అన్నమాట ప్రకారం ఆగారట. వియ్యంకుడు గారు బయట వాచీ చూసుకుంటూ, "ట్రాన్స్‌ఫర్ అయిపోయుంటుంది బావగారూ," అన్నారు. బొడ్డు ఊడాక మా ఆవిడ తాయెత్తు కోసం కంసాలి దగ్గరికి పంపింది. వెండి ధర విని నేను కాస్త సన్నం చేయమన్నాను. "ఇంకా సన్నం చేస్తే అందులో ఏం పెడతారండీ?" అన్నాడతను.

ఉయ్యాల వేడుకకి ఆ పిల్లని కూడా పిలిచాం. మా అమ్మాయే పిలవమంది. మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చింది, చెప్పులు వరసగా విడిచింది, మంచినీళ్లు తాగింది, పాపని ఎత్తుకుని ఆడించింది. అప్పుడు చెప్పింది, ఆ ఉద్యోగం మానేసి జీవిత బీమాలో చేరానని.

"మీరు చెప్పినవే ఇంటర్వ్యూలో చెప్పానంకుల్. వెంటనే తీసుకున్నారు."

నా ఛాతీ ఉప్పొంగింది. ఆమె సంచిలోంచి ఫైలు తీసి, తెరిచి, నా వైపు తిప్పింది. ఆడపిల్లల చదువు పథకం. పాప మొహం వంక ఒకసారి చూసింది. "పాపకి పద్దెనిమిదేళ్లు వచ్చేనాటికి, భగవంతుడి దయవల్ల మీరు బాగానే ఉంటారంకుల్, కాకపోతే..."

ఆగింది.

వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది. "ఏవండీ, ఆ అమ్మాయికి కాఫీ ఇమ్మంటారా, పంపించేయమంటారా?"

"కాఫీ ఇవ్వు," అన్నాను, జేబులో పాపాయి బొమ్మ పెన్ను కోసం వెతుక్కుంటూ. "మొదటి ఏడాది కమీషను ఎంతిస్తున్నారమ్మా ఇప్పుడు?"